పగ్గాలు కాస్త వదులుగా

గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నానంటే మా అత్తగారు ఫోన్లో ఒకటే నవ్వు, "47 ఏళ్ళకి గుర్రమేమిటే తల్లీ!" అని. మీరూ నవ్వుకోండి, ఫరవాలేదు. ఇక్కడ డాలస్ దగ్గర మా అమ్మాయిని క్లాసుకి దింపి, కంచె పక్కన కూర్చుని కూర్చుని విసుగొచ్చి నేనూ చేరాను.

నేను కేటరింగ్ చేస్తానని మీలో చాలామందికి తెలుసు. నా దగ్గర నలుగురు పనిచేస్తారు. పోయిన దసరా ముందు, ఐదేళ్ళుగా నాతో ఉన్న అమ్మాయి "అక్కా, ఈ నెలాఖరుకి మానేస్తాను" అంది. కారణం చెప్పలేదు. జీతం టైముకి ఇస్తున్నానే, సొంత చెల్లెల్లా చూస్తున్నానే అని నాకు కోపమే వచ్చింది.

ఆ శనివారం క్లాసులో నా గుర్రం ఒకటే తల ఎగరేస్తోంది. మడమలతో తడితే కదలదు. "మొండిది" అన్నాను. మా టీచరు పెద్దావిడ. "మొండిది కాదు. కాళ్ళతో పద అంటున్నారు, చేతులతో ఆగు అంటున్నారు. పాపం, అది ఏ మాట వినాలి?" అన్నారు. చూసుకుంటే, భయంతో పగ్గాలు బిగించి పట్టుకున్నాను.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. గుర్రానికి అర్థమయ్యేది మనం తట్టినప్పుడు కాదట, అది కదలగానే తట్టడం ఆపినప్పుడట. కదిలాక కూడా తడుతూనే ఉంటే, ఏం చేసినా ఇంతేలే అని మొద్దుబారిపోతుంది.

ఇంటికొస్తుంటే దారంతా అదే ఆలోచన. "పులిహోర పోపు నువ్వే వెయ్యి" అంటాను, వెనకాలే నిలబడి ఇంగువ చాల్లేదంటాను. బాగా కుదిరిన రోజు మాత్రం ఒక్క మాట అనను. గుర్రానికి సరిగ్గా తన వెనక ఏముందో కనపడదు, అందుకే అక్కడ ఎవరైనా నిలబడితే బెదురుతుంది. ఐదేళ్ళుగా నేను నిలబడింది అక్కడే.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "తప్పు నాదే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు వంట రాదనే అనుకుంటున్నారేమో అనుకున్నానక్కా" అంది. నాకు నోట మాట రాలేదు.

మానలేదు. దసరాకి 200 మంది ఆర్డరు తనకే వదిలేసి నేను ఇంట్లో కూర్చున్నాను. చేతులు ఎంత దురద పెట్టాయో మీకు చెప్పక్కర్లేదు! పులిహోరలో ఇంగువ కొంచెం తక్కువే పడింది. గిన్నెలు మాత్రం ఖాళీగా తిరిగొచ్చాయి.

మీ దగ్గరా ఎవరైనా మొండికేస్తున్నారా? ముందు ఒకసారి మీ చేతులు చూసుకోండి.