పైకొచ్చాక మెసేజ్ పెట్టరా

"అమ్మా, రేపు ఫ్రెండ్స్ అందరం యోంగలా ఓడ చూడ్డానికి డైవింగ్‌కి వెళ్తున్నాం" అన్నాడు మా అబ్బాయి, టౌన్స్‌విల్ నుంచి. నా గుండె గుభేలుమంది. 1911 మార్చిలో తుఫానుకి మునిగిన ఓడట. 122 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వైర్‌లెస్ లేక హెచ్చరిక అందలేదట.

"లోపలికి పోనివ్వరమ్మా, అది వాళ్ల సమాధి. చుట్టూ తిరిగి చూడ్డమే. అడుగున 30 మీటర్ల లోతు. వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, మెల్లగా పైకొస్తాం."

"పైకొచ్చాక మెసేజ్ పెట్టరా" అన్నాను.

మర్నాడు పప్పు మాడ్చాను. పాలు పొంగించాను. చివరికి ఫోన్ మోగింది: "వచ్చేశాం."

ఆ ఓడ ఎక్కడుందో 1958లో గానీ ఖాయం కాలేదట. ఈ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూనే ఎంతమంది తల్లులు వెళ్లిపోయారో!