దారిబత్తెం కట్టుకునే వేళ

ధర్మపురి అనగానే తెలుగువాళ్లకు గోదావరి ఒడ్డున వెలసిన నరసింహస్వామి గుర్తొస్తాడు. నేను చెప్పేది తమిళనాట సేలానికీ కృష్ణగిరికీ నడుమ ఉన్న ధర్మపురి గురించి. ఇక్కడి నది కావేరి. ఊళ్లలో తమిళంతో పాటు తెలుగు, కన్నడం కూడా వినిపిస్తాయి. ఫిబ్రవరిలో మామిడితోటలు పూతమీద ఉన్నప్పుడే, చలికాలం ఇక్కడ గడిపిన వలస పిట్టలకు ఉత్తర దిక్కు మీదికి మనసు మళ్లుతుంది.

పగటి పొడుగు చూసి బయలుదేరే వేళ తెలుసుకుందామంటే, ధర్మపురి ఉన్న 12 డిగ్రీల అక్షాంశం దగ్గర అది పెద్దగా మారదు. అయినా వేళ తప్పదు. పిట్ట ఒంట్లోనే ఏడాది లెక్క చూసుకునే గడియారం ఉంది. ఆ వేళ రాగానే ఆకలి పెరుగుతుంది, తిన్నది కొవ్వుగా మారి చర్మం కింద చేరుతుంది. దూరదేశం పోయే చిన్న పిట్టల్లో కొన్ని బయలుదేరేనాటికి మామూలు బరువుకు దాదాపు రెట్టింపవుతాయి. ఆ కొవ్వే వాటి దారిబత్తెం.

చెరువు అంచున బురదలో మేసే ఉల్లంకి పిట్టను చూడండి. పక్షి ప్రేమికులు వుడ్ శాండ్‌పైపర్ అనే రకం ఇది. గోధుమరంగు వీపు నిండా తెల్లటి చుక్కలు, కంటిపైన తెల్లని గీత. ముక్కుతో బురదను పొడుస్తుంది, పురుగును లాగుతుంది, రెండడుగులు వేసి మళ్లీ పొడుస్తుంది. అది గుడ్లు పెట్టేది ఉత్తర ఐరోపా, సైబీరియా చిత్తడి నేలల్లో. అక్కడిదాకా పోవడానికి కావలసిన బలంలో కొంత ఈ బురదలోనే దొరకాలి.

బూరుగు పూసిందంటే గులాబీ గోరింకల సందడే. శరీరం గులాబీ, తల, రెక్కలు నలుపు. చలికాలంలో మాసినట్టుండే రంగు, ఈకల కొసలు అరిగేకొద్దీ మార్చికి నిగారిస్తుంది. తేనె తాగి తల ఎత్తితే నుదుటిమీద పుప్పొడి. ఏప్రిల్ దాటితే వీటిలో చాలామట్టుకు మధ్య ఆసియా దారిలో ఉంటాయి.

హొగెనక్కల్‌ జలపాతం దగ్గర మార్చికి కావేరి నీరు తగ్గి బండలు తేలతాయి. వాటిమీద తోకాడిస్తూ తిరిగే పసుపు పొట్ట గ్రే వాగ్‌టైల్ త్వరలోనే హిమాలయాల సెలయేళ్లకు చేరుతుంది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవుల్ని కలిపి 2022లో తమిళనాడు ప్రభుత్వం కావేరి దక్షిణ అభయారణ్యం ప్రకటించింది. కానీ ఊరిపక్క చెరువు గట్టుకు అలాంటి రక్షణ లేదు. అక్కడ పిట్టకు మన మర్యాదే దిక్కు.

అందుకే కెమెరా పట్టినవాళ్లకు నాదొక మనవి. తెల్లవారకముందే వెళ్లి గట్టుకింద కూర్చోండి. సూర్యుడు వీపువైపు ఉండాలి. ఎండ ముదిరితే నీటిమీద గాలి తెరలు తెరలుగా ఆడి ఫొటో పాడవుతుంది, ఆలోపే పని కానివ్వండి. పిట్ట మేత మాని తల ఎత్తి ఒళ్లు ఊపడం మొదలుపెడితే మనం మరీ దగ్గరికి వెళ్లామని అర్థం. అక్కడే ఆగాలి, లేదా వెనక్కి రావాలి. ఎగిరే ఫొటో కోసం దాన్ని లేపడమంటే, అది కూడబెట్టుకున్న బత్తెంలో మనం చెయ్యి పెట్టడమే. ఒకటి అరుస్తూ లేస్తే అంచంతా ఖాళీ అవుతుంది.

ఫొటో రాకపోయినా పక్షికి పనికొచ్చే పని ఒకటుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశంలో 2013 నుంచి ఉంది. కనీసం పావుగంట నిలబడి, కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్‌ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు. చెరువు లోతు చెయ్యాలనో, చుట్టూ రాతికట్టు కట్టాలనో పని మొదలైతే, పల్లపు బురద అంచును కొంత అలాగే వదలమని అడగడానికి ఆ లెక్క ఆధారమవుతుంది. ఏ పిట్ట ఎక్కడ మేస్తుందో రాసిపెట్టినవాడి మాటకు పంచాయతీలో బలం ఉంటుంది.