సాక్ష్యంలో దాటేసిన మాట

మా సంఘంలో స్త్రీల కూడిక గురువారం మధ్యాహ్నం. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది: జబ్బు చేసింది, డాక్టర్లు లాభం లేదన్నారు, ఉపవాసం ఉన్నాం, దేవుడు బాగుచేశాడు. అందరూ స్తోత్రం అంటారు. మా ఆయన పోయిన రెండో ఏడు, నాకు 62 నిండాక, "ఉప్పెన చూసినవాళ్లలో మన సంఘంలో మీరొక్కరే మిగిలారు, చెప్పండమ్మా" అని పాస్టరమ్మ గారు పట్టుబట్టారు. కొడుకులు హైదరాబాదులో. రెండు పూటలా అన్నం వండుకోవడం, బీపీ మాత్ర వేసుకోవడం తప్ప నాకూ పనేమీ లేదు. సరేనని లేచాను.

1977 నవంబరు 19, శనివారం. నాగాయలంక దాటి సముద్రం వైపు మా ఊరు. నాకప్పుడు 16 ఏళ్లు. పొద్దుటి నుంచీ గాలీ వానా. దీవిసీమలో పుట్టినవాళ్లకి గాలివాన కొత్త కాదు కాబట్టి ఇల్లు వదల్లేదు. సాయంత్రానికి తాటాకు కప్పు లేచిపోయింది. అమ్మ తన చీర చింపి నాలుగేళ్ల తమ్ముణ్ని నా వీపుకి కట్టింది. నీళ్లు మోకాళ్ల దాకా, నడుము దాకా అంటూ పెరగలేదు, ఒక్కపెట్టున తలమీదికి వచ్చాయి. అమ్మని మళ్లీ చూడలేదు. నాకు తుమ్మచెట్టు దొరికింది. ఆ రాత్రి మా వైపు బతికినవాళ్లని బతికించింది చెట్లే. ముళ్లు ఒంట్లో దిగి, గుడ్డలు కొమ్మలకి చిక్కుకుని కొట్టుకుపోకుండా ఆగాం. తెల్లారాక తాగడానికి నీళ్లు లేవు, బావులన్నీ ఉప్పు. శవాలనీ గొడ్లనీ ఒకే కుప్ప వేసి కాల్చారు. ప్రభుత్వం లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేల దాకా తేలారు.

ఇదంతా చెప్పి, దేవుడు నన్ను కాపాడాడని ముగించాను. స్తోత్రాలు గట్టిగానే పలికాయి. కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక పిల్ల పక్కకొచ్చి నిలబడింది. ఆ అమ్మాయి కొడుకు ముందటేడు పంటకాలవలో పడి పోయాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది: "పెద్దమ్మా, మీ తమ్ముడి కోసం మీరు ప్రార్థన చెయ్యలేదా?"

చేశాను. ఆ చెట్టు మీద చేసిందే అది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మా ఆయనకి కూడా చెప్పని సంగతి ఒకటుంది. చీర తడిసి ముడి రొమ్ము మీద బిగుసుకుపోయింది, ఊపిరాడలేదు. పైకొమ్మ అందుకోవడానికి ఒళ్లు చాపాలి. అందుకని ముడి నేనే సడలించాను, ఒక వేలు పట్టేంత. కొమ్మ అందాక బిగిద్దామనుకున్నాను. ఒళ్లంతా నీళ్లు కొడుతుంటే వీపు మీద బరువు ఎప్పుడు పోయిందో తెలియలేదు. తెల్లారి చూసుకుంటే చీరముక్క ఉంది.

తర్వాతి గురువారం అడక్కుండానే లేచి ఆ ముడి సంగతి చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఒకావిడ, ఇలాంటివి సాక్ష్యంలో చెబితే విశ్వాసం బలహీనపడుతుందని తర్వాత పాస్టరమ్మ గారితో అందట. ఆ పిల్ల మాత్రం వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది.

అప్పట్నుంచి బిడ్డ పోయిన ఇల్లుంటే నన్ను పిలుస్తున్నారు. షేర్ ఆటో ఎక్కి వెళతాను. నేను చెప్పేది ఎక్కువగా యోబు కథ. పెనుగాలి కొట్టి ఇల్లు కూలి పదిమంది పిల్లలూ ఒక్కరోజే పోయారు కదా, మా దీవి వాళ్లకి అది వివరించి చెప్పక్కర్లేదు. చివర్లో యోబుకి గొర్రెలూ ఒంటెలూ రెట్టింపు వచ్చాయి, పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే. మొదటి పదిమంది పరలోకంలో ఉన్నారు కనుక అదీ రెట్టింపేనని ప్రసంగాల్లో చెబుతారు. నాకు లెక్క అంత తేలిగ్గా కుదరదు. కొత్త పిల్లల్ని ఎత్తుకున్నప్పుడు యోబు భార్యకి పాతవాళ్లు గుర్తుకురాలేదా అని అడుగుతాను. ఆ మాట దగ్గరే ఆడవాళ్లు ఏడుస్తారు, ఆ తర్వాతే వాళ్ల బిడ్డ గురించి మాట్లాడతారు. నేను వింటాను. ప్రార్థన చేస్తాను, చిన్నదే.

ఆదివారం బడిలో పిల్లలకి పౌలు ఎక్కిన ఓడ బద్దలైన కథ ఇష్టం. ఓడలో 276 మంది, అందరూ ఒడ్డు చేరారు. ఇన్నేళ్లూ ఆ అధ్యాయం వస్తే పేజీ తిప్పేసేదాన్ని. మొన్న చదివాను. ఒక బుడ్డోడు, "మరి మీ తమ్ముడు ఆ ఓడ ఎందుకెక్కలేదు మామ్మా?" అన్నాడు. తెలియదు నాన్నా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి బిస్కెట్లు ఎప్పుడిస్తారని అడిగాడు.

రేపు కోడూరు వైపు వెళ్లాలి. వేటకి పోయిన కుర్రాడు తిరిగి రాలేదట, తల్లి అన్నం ముట్టడం లేదట. కాలవలో కొడుకుని పోగొట్టుకున్న ఆ పిల్ల కూడా వస్తానంది. ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. మాత్రలూ కళ్లద్దాలూ సంచిలో పెట్టుకున్నాను.