అట్లాంటిక్ అంచు వెంట

సెప్టెంబర్ 13, 2025, శనివారం. కిల్‌కోల్గన్

తెల్లారకముందే ఐర్లండ్‌లోని కార్క్‌లో బయల్దేరాం. దారి తమ్ముడే వేశాడు. ముందు పెద్ద రోడ్డు మీద ఉత్తరానికి వచ్చెయ్యడం, అక్కణ్ణించి తీరం పట్టుకుని మెల్లగా ఇంటికి దిగడం. "వెళ్ళేటప్పుడు నిద్రపో అక్కా. వచ్చేటప్పుడు మాత్రం రెప్ప వెయ్యకు" అన్నాడు.

ఈ తీరపు దారికి 2014లో వైల్డ్ అట్లాంటిక్ వే అని పేరు పెట్టారు. డోనెగల్ నుంచి కిన్‌సేల్ దాకా సుమారు 2,500 కిలోమీటర్లు. కొత్తగా వేసిన రోడ్డు కాదు. ఊరూరికీ ఉన్న పాత దారులను కలిపి, నీలం అలల గుర్తున్న బోర్డులు నాటారు. మేం చూడబోయేది దక్షిణపు వైపు, అదీ కొన్ని చోట్లే.

మధ్యాహ్నం మోరాన్స్ అనే హోటల్లో ఆయిస్టర్లు తిన్నాం. గడ్డికప్పు ఇల్లు, ముందు చిన్న నది, అది కాస్త దూరంలో ఉప్పునీళ్ళలో కలుస్తుంది. రెండు రకాలుంటాయి. కోలగా ఉన్నది పసిఫిక్ రకం, పెంచినది, ఏడాది పొడవునా దొరుకుతుంది. గుండ్రంగా, పలకగా ఉన్నది ఈ నేల రకం, సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకానే. వేసవిలో గుడ్లు పెట్టే కాలమని ముట్టుకోరు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపేది కూడా ఇందుకే కదా. గాల్వేలో 1954 నుంచి సెప్టెంబర్ చివర ఆయిస్టర్ పండుగ చేసుకుంటున్నారు.

చిప్ప తెరిచే కుర్రాడి పక్కనే నిలబడి చూశాను. పొట్టి కత్తి మొనను రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర దూర్చి మెలితిప్పాడు. టక్కుమంది. కత్తిని పై చిప్ప కిందుగా జరిపి కండ కోశాడు, చిప్ప ఎత్తేశాడు, లోపలి నీరు ఒక్క చుక్క ఒలకలేదు. ఆ నీరు పారబోస్తే సగం రుచి పోయినట్టే. నిమ్మచెక్క పిండుకుని నోట్లో వేసుకున్నాను. ముందు ఉప్పు, వెంటనే తీపి, ఆఖర్న నాలుక మీద ఇనుము రుచి. ఇంకో అర డజను చెప్పాం.

సెప్టెంబర్ 14, ఆదివారం. క్లేర్ నుంచి కెర్రీకి

బ్లాక్ హెడ్ రోడ్డు. ఎడమ చేతి వైపు బర్రెన్ సున్నపురాతి కొండ, కుడి చేతి వైపు గాల్వే అఖాతం. కొండ మీద మట్టి కనిపించదు, చెట్టు కనిపించదు. దిగి దగ్గరికెళ్ళి చూస్తే రాతి పగుళ్ళలో పచ్చగా ఫెర్న్ మొక్కలు.

మోహర్ కొండచరియలు చూశాం. 214 మీటర్ల ఎత్తు. చూడాల్సినవే. జనం కూడా అంతే ఉన్నారు, ఎక్కువసేపు నిలవలేదు.

డూలిన్‌లో చౌడర్. మీగడ, బంగాళాదుంప, పొగబెట్టిన హ్యాడక్ చేప, సాల్మన్, మస్సెల్స్. మిరియం తప్ప కారమన్నది లేదు. అయినా వానలో తడిసి వచ్చిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి! పక్కన సోడా బ్రెడ్డు. ఇక్కడి తడి వాతావరణంలో పండే గోధుమ మెత్తది, ఈస్టుకు సరిగా పొంగదు. అందుకే మజ్జిగ, వంటసోడా కలిపి కాలుస్తారు. ముక్క మీద వేలి మందాన వెన్న పూస్తారు.

సాయంత్రం కిల్లిమర్ రేవులో కారుతో సహా పంటె ఎక్కి, షానన్ నది ముఖద్వారం దాటి టార్బర్ట్‌లో దిగాం. 20 నిమిషాలు.

సెప్టెంబర్ 15, సోమవారం. కానర్ పాస్

బాగా ఎత్తున ఉన్న కనుమ. రెండు టన్నులు దాటిన బండిని ఎక్కనివ్వరు. ఎందుకో మొదటి మలుపులోనే తెలిసింది. ఒక పక్క రాయి కారు అద్దాన్ని రాసుకుంటోంది, ఇంకో పక్క మోకాలెత్తు రాతిగోడ, దాని కింద లోయ. ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు వెనక్కి జరిగి, రోడ్డు కాస్త వెడల్పైన చోట ఆగాలి. ఇక్కడా బండి ఎడమవైపే నడుపుతారు కాబట్టి మనవాళ్ళకు ఆ తికమక లేదు. ఇరుకుతోనే ఉంది పరీక్షంతా. పల్లెదారుల మీద వేగపరిమితిని ఈ ఫిబ్రవరిలోనే 80 నుంచి 60కి దించారు. ఈ మలుపుల్లో నాకైతే 30 కూడా ఎక్కువే.

దారిచ్చిన ప్రతివాడికీ తమ్ముడు స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తుతున్నాడు. వాళ్ళూ ఎత్తుతున్నారు. నమస్కారానికి నమస్కారం. ట్రాక్టరు ముసలాయన కూడా ఎత్తాడు.

పైన పది నిమిషాలు మబ్బు. తెరిపిచ్చేసరికి ఉత్తరాన బ్రాండన్ అఖాతం, దక్షిణాన డింగిల్ రేవు, రెండూ ఒకేసారి కనిపించాయి.

రాత్రి డింగిల్‌లో వెల్లుల్లి వెన్నలో పీత డెక్కలు. ఆ రోజు పడవలు చేప తేకపోతే తలుపే తియ్యని హోటల్ ఒకటి ఉండేదట ఈ ఊళ్ళో. వంటవాళ్ళందరికీ ఆ పట్టుదల ఉండాలి.

సెప్టెంబర్ 16, మంగళవారం. స్లే హెడ్

ఈ చుట్టు రోడ్డు మీద టూరిస్టు బస్సులన్నీ గడియారపు ముల్లు తిరిగే దిక్కునే తిరుగుతాయి, కార్లూ అలాగే తిరగడం మర్యాద. సముద్రం ఎడమన, నా కిటికీ పక్కనే ఉంటుంది. రోడ్డు పొడవునా ఫ్యూషియా పొదలు, ఎర్రటి పూలు వేలాడుతున్నాయి. మధ్యలో పండిన బ్లాక్‌బెర్రీలు, కారాపి కోసుకు తినొచ్చు. ఒకచోట కొండ మీది వాగు రోడ్డు మీదుగానే పారుతోంది. కల్వర్టు లేదు, నీళ్ళలోంచే పోవాలి.

డన్‌క్విన్‌లో చాలాసేపు ఉండిపోయాం. ఎదురుగా గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం. ఒకప్పుడు 150 మందికి పైగా బతికిన ఊరు. పెగ్ సేయర్స్, టోమాస్ ఓ క్రోహన్ లాంటి వాళ్ళు తమ బతుకును ఐరిష్ భాషలో చెప్పి, రాసి, ఆ ఊరికి పేరు తెచ్చారు. ఓ క్రోహన్ పుస్తకం 1929లో అచ్చయింది. కుర్రవాళ్ళంతా అమెరికా వెళ్ళిపోయాక పడవ లాగే చేతులు కరువయ్యాయి. 1946-47 చలికాలంలో ఒక కుర్రవాడికి మెనింజైటిస్ వస్తే, తుఫాను వల్ల డాక్టరు దాటి రాలేకపోయాడు. కుర్రవాడు పోయాడు. ఆ ఏప్రిల్‌లో ద్వీపంవాళ్ళు ప్రధాని ఎమన్ డి వలేరాకు తంతి కొట్టారు, తిండి పంపమని. చివరికి 1953 నవంబర్లో, మిగిలిన 22 మందినీ ఒడ్డుకు తరలించారు.

తిండి పంపమని తంతి! చుట్టూ సముద్రం, అందులో కావలసినంత చేప. ఉప్పాడలో వేటకాళ్ళ ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఈ మాట నాకు వింతగా లేదు. సముద్రం ఎదురుగా ఉండటం వేరు, అది కంచంలోకి రావడం వేరు. వాళ్ళ పడవ నేవోగ్. సన్నటి చెక్క బద్దల మీద తారు పూసిన గుడ్డ బిగించి కట్టేది. తుఫాను రోజుల్లో దాన్ని రేవు దాటించడమే కష్టం. దొరికిన లాబ్‌స్టర్లు ఫ్రెంచి పడవలకు అమ్ముడుపోయేవి. రేవులోకి దిగే మెలికల బాట అంచున నిలబడితే, ఇంత చిన్న దూరం ఒక ఊరి బతుకును ఎలా తెంపిందో కళ్ళకు కడుతుంది.

రోడ్డు, రేవు, ఐసు, కొనేవాడు. ఈ నాలుగూ కలిస్తేనే భోజనం.

సెప్టెంబర్ 17, బుధవారం. హీలీ పాస్

బేరా ద్వీపకల్పాన్ని అడ్డంగా కోసే కొండదారి, కెర్రీ నుంచి కార్క్ జిల్లాలోకి. పాము మెలికలు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన రోడ్డు ఇదే, బాగా బాధపెట్టిందీ ఇదే.

దీన్ని 1847లో మొదలుపెట్టారు, కరువు పనుల కింద. 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప తెగులుతో ఐర్లండ్‌లో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి పోయారు. ఊరికే తిండి పెట్టకూడదని, ఆకలితో నిలబడలేని వాళ్ళ చేత రాళ్ళు కొట్టించి కూలి ఇచ్చారు. అలా వేసిన రోడ్లలో ఎన్నో ఎక్కడికీ చేరకుండా ఆగిపోయాయి. ఇది 1931లో పూర్తయింది. ఐరిష్ ఫ్రీ స్టేట్ మొదటి గవర్నర్ జనరల్ టిమ్ హీలీ పేరు పెట్టారు.

మరి అప్పుడు చేపలు ఏమయ్యాయని అందరూ అడుగుతారు. గాల్వే పక్కన క్లాడా జాలర్లు తిండి కోసం వలలు, సామాను తాకట్టు పెట్టేశారు. వల లేని జాలరికి సముద్రం దేనికి? క్వేకర్లనే క్రైస్తవ సంఘం డబ్బిచ్చి ఆ వలలు విడిపించింది. కరువులో చేసిన సాయాల్లో ఇంత తెలివైనది ఇంకొకటి నాకు కనిపించలేదు.

అవతలి వైపు దిగి కాసిల్‌టౌన్‌బేర్. పెద్ద ట్రాలర్లు, ఐసు గిడ్డంగులు. ఇక్కడ దిగే చేపలో చాలా భాగం లారీలెక్కి స్పెయిన్, ఫ్రాన్స్ వెళ్ళిపోతుంది. చీకటి పడకముందే బాంట్రీ చేరాం. అఖాతంలో వరసగా తేలుతున్న పీపాలు, వాటి నుంచి నీళ్ళలోకి వేలాడే తాళ్ళు, తాళ్ళకు పట్టిన మస్సెల్స్. రాత్రి గిన్నెడు తిన్నాం. నారింజ రంగు కండ, అడుగున వైన్, వెల్లుల్లి కలిసిన రసం. చిప్పనే చెంచాగా పెట్టుకుని ఆ రసం జుర్రడం పక్క బల్ల దగ్గరి పిల్లలకు బాగా తెలుసు.

సెప్టెంబర్ 18, గురువారం. అహకిస్టా

షీప్స్ హెడ్ ద్వీపకల్పం. డన్మానస్ అఖాతం ఒడ్డున చిన్న తోట, సూర్యగడియారం, గోడ మీద పేర్లు. 1985 జూన్ 23న, మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావలసిన ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి ఈ సముద్రంలో పడింది. 329 మంది. దొరికిన దేహాలు 131. మొదటి వర్ధంతికి, 1986లో, ఈ తోట తెరిచారు. ఏటా ఆ రోజు పొద్దున విమానం పడిన వేళకు ఇక్కడ జనం చేరుతారు, ఊరివాళ్ళు కూడా.

పేర్లన్నీ చదివాను. ఒకే ఇంటిపేరు మూడు నాలుగు సార్లు వరసగా వస్తే చదవడం కష్టమైంది. ఎవరో పువ్వులు పెట్టారు, ఇంకా వాడలేదు. ఐర్లండ్ తీరం చూడటానికి వచ్చే మనవాళ్ళు ఈ మలుపు తప్పించుకోకూడదు.

మధ్యాహ్నం డరస్ చీజ్, బ్రెడ్డు కొనుక్కుని కార్లోనే తిన్నాం. ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం. కిన్‌సేల్, కార్క్

కిన్‌సేల్‌లో రంగు రంగుల ఇళ్ళు, పడవలు, అడుగడుగునా హోటళ్ళు. 1970ల నుంచే హోటళ్ళవాళ్ళు జట్టుకట్టి ఊరికి భోజనపు పేరు తెచ్చారు. అంతకుముందు ఈ దేశంలో చేపంటే శుక్రవారం మాంసం మానినప్పుడు తినే తిండి. ఉపవాసం సరుకు, పేదవాడి సరుకు. ఆ చూపు మారడానికి ఒక ఇల్లాలు చాలా చేసింది. మర్టిల్ అలెన్. షానగారీలో, బాలిమలూ ఇంటి భోజనాల గదినే 1964లో హోటల్ చేసింది. పక్కన బాలికాటన్ రేవులో ఏది దిగితే అది వండేది, దూరం నుంచి తెచ్చిన సరుకు కోసం చూడలేదు. 1975లో మిషెలిన్ స్టార్ వచ్చింది. 2018లో ఆవిడ కన్నుమూసింది. ఈ తీరంలో నేను తిన్న ప్రతి పళ్ళెం వెనకా ఆవిడ పని ఉంది.

ఇంటికొచ్చి ఫ్రీజర్ తెరిస్తే లోపల ఎక్కణ్ణించో గడ్డకట్టి వచ్చిన రోహు ముక్కలు! మరదల్ని అడిగితే, "పులుసుకి ఇవే అలవాటు వదినా, ఇక్కడి చేపలు పులుసుకి నిలుస్తాయో లేదోనని" అంది. నిలుస్తాయి. కానాగంతలు నిలవవా? ఇక్కడి మాకెరెల్ వాటి చుట్టమే, నూనె ఎక్కువ, చింతపండు పులుపుకు సరిగ్గా సరిపోతుంది. మాంక్‌ఫిష్ కండ గట్టిది, ఎంత మరిగినా విరగదు. నల్లటి తోలు చూసి మనవాళ్ళు జంకుతారుగానీ, ఒలిచి ఇమ్మంటే కొట్టువాడే ఒలిచి ఇస్తాడు.

కార్క్ నడిబొడ్డున ఇంగ్లిష్ మార్కెట్ 1788 నుంచి ఉంది, లోపల చేపల కొట్లు ఒక వరస. రేపు శనివారం, పొద్దున 8కి తీస్తారు. తమ్ముడు ఆలస్యంగా లేస్తానన్నా వినేది లేదు. చింతపండు ఇప్పుడే నానబెట్టాను.