రైలు కిటికీలో కాళహస్తి గోపురం

తిరుపతి ప్రయాణమంటే మనకు ముందురోజు నుంచే హడావుడి. పులిహోర కలపాలి, అన్నంలో పాలు పోసి కాస్త పెరుగు తోడు వెయ్యాలి, పాలవాడికి చెప్పాలి, గ్యాసు కట్టేశామో లేదో రెండోసారి చూసుకోవాలి. రైలెక్కి బెర్తు మీద నడుం వాల్చాకగాని "అమ్మయ్య" అనిపించదు. మళ్లీ తెల్లారేసరికి దుప్పట్లు మడవడం, సీటు కింద చెప్పులు వెతకడం, చిన్నదానికి జడ వెయ్యడం. ఈ సందడిలో పడి మనం కిటికీ వైపు చూడనే చూడం. దిగబోయే ముందు ఆ గంటన్నరలో కిటికీ బయట ఎంత చరిత్ర వెళ్లిపోతుందో ఎప్పుడైనా గమనించారా?

విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లు గూడూరులో చెన్నై లైను వదిలి తిరుపతి దారి పడతాయి. నారాయణాద్రి, పద్మావతి లాంటి రాత్రి రైళ్లన్నీ ఇటే వస్తాయి. గూడూరు దాటిన కాసేపటికి కుడివైపు దూరంగా కొండలు తోడొస్తాయి. ఆ తర్వాత వెంకటగిరి స్టేషను. పేరు వినగానే చీర గుర్తొచ్చింది కదూ! అవును, సన్నని నూలుకీ జరీ అంచుకీ పేరుపడ్డ ఆ వెంకటగిరే ఇది. ఈ స్టేషను వచ్చిందంటే ఇక సామాన్లు సర్దేసి, పిల్లల్ని తీసుకుని ఎడమవైపు కిటికీ దగ్గరకు చేరండి. తిరుగు ప్రయాణంలో అయితే కుడివైపు సుమా!

శ్రీకాళహస్తి స్టేషను స్వర్ణముఖి నదికి ఈవల ఉంటే, ఊరూ గుడీ ఆవల ఉన్నాయి. రైల్లోంచి చూసేవాళ్లు మొదట వెతుక్కోవలసింది గోపురం కాదు, కొండ. గుడి ఆ కొండ పాదం దగ్గర, నది ఒడ్డున ఉంది. స్వామికి తన కన్ను పెకలించి ఇచ్చిన కన్నప్పకు ఆ కొండ మీదే గుడి కట్టారు. కొండను ఆనవాలు పెట్టుకున్నారంటే, చెట్లూ మేడలూ అడ్డులేని చోట గోపురం దానంతటదే కంటికి దొరుకుతుంది. అది ఎక్కువసేపు ఉండదు. చీరకొంగు సర్దుకునేలోగా దాటిపోతుంది.

కాళహస్తిలో దర్శనం అయ్యాక మరో గుడికి వెళ్లకుండా నేరుగా ఇంటికి పోవాలని మన పెద్దవాళ్ల నమ్మకం. అందుకే తిరుమలకు పోయేవాళ్లు చాలామంది పోయేటప్పుడు ఇక్కడ దిగరు. కిటికీలోంచే ఓ దణ్ణం పెట్టుకుని సాగిపోతారు. అలా రైల్లోంచి తప్ప ఆ గోపురాన్ని దగ్గర నుంచి చూడనివాళ్లు మన ఇళ్లలో ఎంతమందో!

ఇప్పుడు ఒక్క మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. వాళ్లు చూస్తున్న గోపురమూ, వాళ్ల అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో చూసిన గోపురమూ ఒకటి కావు. పాతదాన్ని 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు. నూరుకాళ్ల మండపం కూడా ఆయన కట్టించిందే. ఏడంతస్తుల ఆ రాజగోపురం ఎన్నో తుపాన్లకూ గాలివానలకూ తట్టుకుని 494 ఏళ్లు నిలబడింది. చివరికి గోడలు బీటలు వారాయి. ఆ బీటలు పెద్దవవుతుంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. 2010 మే 26వ తేదీ రాత్రి మొత్తం గోపురం కళ్లముందే కుప్పకూలింది. తర్వాత అక్కడే మళ్లీ ఏడంతస్తుల గోపురం కట్టి, 2017 జనవరిలో కుంభాభిషేకం చేశారు. ఇప్పుడు కిటికీలో కనిపించేది ఈ కొత్త గోపురమే.

నడుమ ఆ ఆరేళ్లకు పైగా ఈ దారిన వెళ్లినవాళ్లు అలవాటు కొద్దీ అటే చూసి, ఖాళీ ఆకాశం చూసి ఊరుకున్నారు. వీధి మలుపులో రోజూ కనిపించే రావిచెట్టు కూలిపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా! ఎప్పుడూ ఉండేదే అనుకున్నది లేకపోయినప్పుడే, దాన్ని ఒక్కసారి కూడా తీరుబడిగా చూడలేదే అని మనసు కలుక్కుమంటుంది.

అసలు గోపురాలు అంత ఎత్తుగా ఎందుకు కట్టారంటారా? గర్భగుడి మీది విమానం చాలాచోట్ల చిన్నదిగానే ఉంటుంది. వాకిట్లోని గోపురమే ఆకాశానికి లేస్తుంది. కింది అంతస్తు రాతితో కట్టి, పైఅంతస్తులు ఇటుకా సున్నంతో లేపేవారు. అందువల్ల పైన బరువు తగ్గుతుంది. కాలినడకనా, ఎడ్లబళ్లలోనా వచ్చే యాత్రికుడికి క్రోసుల దూరం నుంచే "ఇదిగో, వచ్చేశావు" అని చెప్పే గుర్తు అది. ఇప్పుడు ఎడ్లబండి బదులు రైలొచ్చింది. గోపురం మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది. చూడవలసింది మనమే.

కాళహస్తి దాటాక ఏర్పేడు వస్తుంది. ఆ చుట్టుపక్కలే గుడిమల్లం అనే పల్లె ఉంది. అక్కడి పరశురామేశ్వరాలయంలోని శివలింగం క్రీస్తుకు పూర్వానిదని చరిత్రకారులు చెబుతారు. కాళహస్తి గోపురం కన్నా ఎంతో పాతదన్నమాట! అది రైల్లోంచి కనపడదు. కాని పేరు చెప్పి అటు చూపిస్తే, పైకి కనిపించేదొక్కటే గొప్ప కాదని పిల్లలకు తెలుస్తుంది. రేణిగుంట దాటాక మళ్లీ కుడివైపుకు మారండి. శేషాచలం కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. తిరుగు రైలు రాత్రిదైతే, తిరుపతి ఊళ్లోంచి కొండ మీద మెట్లదారిలో వెలిగే గాలిగోపురం దీపాలు చూపించండి.

మీది ఈ దారి కాకపోయినా ఫరవాలేదు. అన్నవరం దగ్గర రత్నగిరి, విజయవాడలో ఇంద్రకీలాద్రి, గుణదల కొండ మీది శిలువ, రాజమండ్రి దగ్గర నిండు గోదావరి - ఏ లైనుకు ఆ లైను కానుక ఉండనే ఉంది. పురుళ్లకని ఇంగ్లండుకో జర్మనీకో వెళ్లే అమ్మలూ ఇది గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండులో డరమ్ అనే ఊరు వచ్చేసరికి రైలు ఎత్తయిన వంతెన మీదుగా పోతుంది. ఎదురుగా గుట్ట మీద 1093లో మొదలుపెట్టి కట్టిన పెద్ద చర్చి కనిపిస్తుంది. జర్మనీలోని కొలోన్‌లో అయితే స్టేషను పక్కనే 157 మీటర్ల ఎత్తు చర్చి శిఖరాలు! ఎత్తుగా కట్టి దారినపోయేవాడికి దారి చూపాలనే ఆలోచన అన్ని దేశాల్లోనూ ఉన్నట్టే ఉంది.

ఈసారి ప్రయాణానికి ముందు చిన్న ఏర్పాటు చేసుకోండి. చూడదలచినవి ఏ స్టేషన్ల మధ్య, ఏ వైపు వస్తాయో ఒక కాగితం మీద రాసి టిఫిను సంచిలో పెట్టండి. పది నిమిషాల ముందే పిల్లల్ని లేపి మొహం కడగండి. ఏసీ పెట్టె అయితే అద్దాన్ని పాత నూలుగుడ్డతో తుడవండి. మామూలు పెట్టె అయితే చేతులు బయట పెట్టనివ్వకండి. ఫోటో కోసం తంటాలు పడేకన్నా ముందు కళ్లారా చూడనివ్వండి.

మరొక పని. మీ ఇంట్లో అత్తగారో, అమ్మో, పిన్నిగారో 2010కి ముందు కాళహస్తి మీదుగా వెళ్లినవాళ్లు ఉంటే, పాత గోపురం వాళ్లకు ఎలా కనిపించిందో అడగండి. ఏ రంగులో ఉంది, ఎవరు చూపించారు, అప్పుడు ఒళ్లో ఎవరున్నారు - వాళ్లు చెప్పినదంతా ఓ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. కొత్త గోపురం ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. పాతది ఇప్పుడు వాళ్ల మాటల్లోనే ఉంది. వాళ్లు మన మధ్య ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి మరి!