గాలి వంచిన పైన్ చెట్ల దారిలో

టొరంటో నగరం నుంచి ఉత్తరంగా వెళ్లే రహదారి చాలాసేపు పొలాల మధ్య సాగి, జార్జియన్ బే అనే అఖాతం తూర్పు తీరాన్ని సమీపించేసరికి నేల తీరే మారిపోయి, ఇరుపక్కలా గులాబీ, బూడిద ఛాయలు కలిసిన రాతిగుట్టలు బయటపడతాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఈ శిలాభూమిని కెనడియన్ షీల్డ్ అంటారు. హిమానీనదాలు, అంటే మెల్లగా కదిలే మంచు రాశులు, గత హిమయుగంలో దీనిపై మట్టిని చాలావరకు గీకివేయడంతో ఇక్కడి తెల్ల పైన్ చెట్లు రాతి నెర్రెల్లో చిక్కిన పిడికెడు మట్టినే పట్టుకుని బతకాలి. పడమటి గాలి బలంగా వీచే ఈ తీరంలో ఆ వైపు చిగుళ్లు ఎండిపోగా, మిగిలిన కొమ్మలు తూర్పుకే చాచుకుని ఉంటాయి. కంటికి కనబడని గాలిని చెట్టు ఆకారం ద్వారా చిత్రించవచ్చునన్న ఎరుక ఇక్కడికి వచ్చిన కెనడా చిత్రకారులకు కలిగింది. 1921 నాటి ఫ్రెడరిక్ వార్లీ, ఆర్థర్ లిస్మర్‌ల తుఫాను చిత్రాలు రెండింటిలోనూ గాలికి వంగిన పైన్ చెట్టే దృశ్యమంతటినీ నడిపిస్తుంది.

అక్కడి నుంచి తూర్పుకు మళ్లితే 1893లో ఏర్పడిన అల్గాంక్విన్ పార్కు, దాని తూర్పు భాగాన గ్రాండ్ లేక్ వస్తాయి. 1917 జూలైలో, నలభై ఏళ్లయినా నిండకుండా, ఇదే పార్కులోని కనూ లేక్‌లో మరణించిన టామ్ థామ్సన్, అంతకు ముందు ఏడాది ఈ గ్రాండ్ లేక్ ఒడ్డున ఒక జాక్ పైన్ చెట్టును సుమారు 21 సెంటీమీటర్ల ఎత్తు, 27 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్క పలక మీద నూనె రంగులతో చిత్రించాడు. అంత చిన్న పలక మీద సూదుల్లాంటి ఆకులకు చోటుండదు. కుంచె పట్టినవాడు కొమ్మల పోకడను, వాటి సందుల్లో మిగిలే ఆకాశాన్ని మాత్రమే ఎంచుకోక తప్పదు. దాని ఆధారంగా టొరంటోలో గీసిన మీటరుకు పైగా ఎత్తున్న ‘ది జాక్ పైన్’ చిత్రంలో అడుగున పూసిన ఎర్ర రంగును కొమ్మల అంచుల వెంట పైకి కనిపించనివ్వడం వల్ల, చల్లని సాయంకాలంలో సైతం చెట్టు లోపల వేడి ఉన్నట్టు తోస్తుంది. వాణిజ్య చిత్రకారుడిగా పనిచేసిన అనుభవం ఆ పెద్ద చిత్రపు అమరికలో తెలుస్తుంది గాని, వాతావరణపు కరకుదనం చిన్న పలకలోనే ఎక్కువ.

వాయవ్యంగా సుపీరియర్ సరస్సు ఉత్తర తీరానికి చేరితే కొమ్మలు కూడా మాయమవుతాయి. 1920లో ఏర్పడిన ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’ చిత్రకారులలో లారెన్ హారిస్, ఎ. వై. జాక్సన్ 1921 శరత్కాలంలో ఇక్కడికి వచ్చినప్పుడు, కార్చిచ్చు తినేసిన అడవిలో మోడులు మాత్రమే మిగిలి కొండల అసలు రూపం తేటతెల్లమయింది. హారిస్ 1926 నాటి చిత్రం మధ్యలో ఒక పెద్ద మోడు, వెనుక సరస్సు, పైనుంచి వెలుగు, అంతే. ఎండిన చెట్టుకు ఇంతటి గాంభీర్యం ఇచ్చిన చిత్రం ఈ బృందంలో మరొకటి లేదు.

అయితే ఈ చిత్రాలలో నిర్జనంగా కనిపించే తీరం అనాదిగా అనిషినాబే ప్రజల నివాసభూమి, చిత్రాల్లో వారు లేకపోవడం చిత్రకారుల ఎంపికేగాని నేల స్వభావం కాదు. ఇంకా ఉత్తరాన ఉన్న నిపిగాన్ సరస్సు ప్రాంతంలో పెరిగిన అనిషినాబే చిత్రకారుడు నార్వల్ మారిసో 1962లో టొరంటోలో తన చిత్రాలు ప్రదర్శించాడు. మనుషులను, జంతువులను, ఆత్మలను నల్లని గీతలతో ఒకదానికొకటి కలిపే అతని పద్ధతిలో ఏ ప్రాణీ ఒంటరిగా నిలబడదు.