23 కిలోల లెక్క

మా గరాజ్‌లో రెండు ఫ్రీజర్లున్నాయి. ఒకటి నాది. అందులో గోంగూర, మునక్కాడలు, తురిమిన కొబ్బరి, ఎండాకాలం పెరట్లో కాసిన చిక్కుళ్ళు ఉంటాయి. రెండోది మా ఆయనది. దాని ముందువైపు మూడు కుళాయిలున్నాయి. మొదటిది ముందుకి లాగితే బీరు వస్తుంది.

"ఇంట్లో బీరు కుళాయేంటి తల్లీ!" అని మీలో కొందరైనా అనుకుంటారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. మేముండేది అమెరికాలో, ఒహాయోలో. ఇక్కడ ఇంటి అవసరానికి బీరు కాచుకోవడం నేరం కాదు. 1978లో కార్టర్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు దానికి చట్టం చేశారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, కానీ అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. మిసిసిపి, అలబామా అయితే 2013లో గానీ ఒప్పుకోలేదు.

మా ఆయన మూడేళ్ళ క్రితం మొదలుపెట్టారు. ఆ పని చూస్తే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. రాగుల్ని నానబెట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, వేయించి మాల్ట్ చేస్తాం కదా, బార్లీతో అదే పని. ఆ మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెడితే తియ్యటి నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి రెండు వారాలు వదిలేయాలి. ఇడ్లీపిండి పులిసిందా లేదా అని మనం మూత తీసి చూసినట్టే ఆయనా చూసుకుంటూ ఉండేవారు. నా బాధల్లా సీసాలతోనే. ఒకసారి కాస్తే 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. దానికి యాభైకి పైగా సీసాలు కావాలి. అవన్నీ కడగడం నా సింకులో, ఆరబెట్టడం నా గట్టు మీద. శనివారం వంటిల్లు నాది కాకుండా పోయేది.

"సీసాలు మానేస్తాను, కుళాయి పెట్టుకుంటాను" అని ఒకరోజు ప్రకటించారు. సంతోషించేలోపే ఆయన చూపు నా ఫ్రీజర్ మీద పడింది.

"నా గోంగూర జోలికొస్తే ఊరుకోను" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసిన 7 ఘనపుటడుగుల పాత చెస్ట్ ఫ్రీజర్ ఒకటి వచ్చి నా ఫ్రీజర్ పక్కన కూర్చుంది.

ఫ్రీజర్‌కి బెజ్జాలు కొట్టి కుళాయిలు పెట్టేస్తారనుకుంటాం. అలా కుదరదు. చాలా చెస్ట్ ఫ్రీజర్లకి గోడల లోపల గ్యాస్ తిరిగే సన్నటి గొట్టాలుంటాయి. డ్రిల్లు ఒక్కదానికి తగిలిందా, ఫ్రీజర్ అంతటితో సరి. అందుకని గోడలు ముట్టుకోకుండా మూత విప్పదీసి, మూతకీ పెట్టెకీ మధ్య ఎనిమిదంగుళాల చెక్కతో ఒక చట్రం కట్టారు. మన ఊళ్ళో బావి చుట్టూ గట్టు కట్టినట్టు ఉంటుంది చూడ్డానికి. బెజ్జాలు ఆ చెక్కకే. చట్రాన్ని మూతకి బిగించారు కాబట్టి మూత ఎత్తితే కుళాయిలు కూడా దాంతోపాటే పైకి లేస్తాయి. బరువు డబ్బాల్ని చెక్క మీదుగా ఎత్తి దించే బాధ ఉండదు.

ఫ్రీజర్‌ని అలాగే నడిపితే బీరు గడ్డకడుతుంది. అందుకని దాని ప్లగ్గు నేరుగా గోడకి పెట్టకుండా మధ్యలో చిన్న కంట్రోలర్ పెట్టారు. దాని తీగ చివర ఉన్న సెన్సర్ని డబ్బాకి టేపుతో అంటిస్తే లోపల 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుస్తుంది. చల్లదనం దాటిపోతే కరెంటు ఆపుతుంది, వేడెక్కితే ఇస్తుంది. సెన్సర్ గాలికి వేలాడుతుంటే మూత తీసినప్పుడల్లా మోటారు ఆన్ అవుతుందట. అందుకే డబ్బాకి అంటించడం.

కెగ్ అంటే పొడుగాటి స్టీలు డబ్బా. దానికి ఒక పక్కనుంచి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, రెండో పక్కనుంచి కుళాయికి వెళ్ళే గొట్టం. సిలిండర్ మీద రెగ్యులేటర్ చూస్తే మన గ్యాసుపొయ్యే గుర్తొచ్చింది. ఎక్కడైనా కారుతోందా అని చూడ్డం కూడా మనం చేసినట్టే. సబ్బునీళ్ళు రాస్తే బుడగలొస్తాయి. ఈ గ్యాస్ అంటుకోదు గానీ గాలికన్నా బరువు. లోతుగా ఉన్న పెట్టెలో కారితే అక్కడే పేరుకుంటుంది. అందుకే మూత కాసేపు తెరిచి ఉంచాకే లోపలికి తల వంచాలని మా ఇంట్లో నియమం.

మొదటి గ్లాసు పట్టిన రోజు అంతా నురగే. గ్లాసులో బీరు రెండంగుళాలు, నురగ నాలుగంగుళాలు. గొట్టం పొట్టిదవడం వల్ల బీరు తోసుకుంటూ వస్తోందట. నాలుగడుగుల గొట్టం తీసేసి పదడుగుల సన్నగొట్టం చుట్ట చుట్టి పెట్టారు. ప్రెషర్ 12 దగ్గర ఉంచారు. పైన చెక్క దగ్గర వెచ్చగా, అడుగున చల్లగా ఉన్నా నురగొస్తుందని పాత కంప్యూటర్లోంచి చిన్న ఫ్యాను తీసి లోపల పెట్టాడు మా అబ్బాయి. అప్పుడు దారికొచ్చింది.

అవును, మా అబ్బాయి కూడా ఈ పనిలో ఉన్నాడు. వాడికి పదిహేనేళ్ళు. చెక్క కొలిచిందీ, రంగు వేసిందీ వాడే. తండ్రీకొడుకులు అన్ని శనివారాలు ఒకేచోట నిలబడి మాట్లాడుకోవడం చాన్నాళ్ళకి చూశాను. అందుకు సంతోషంగానే ఉంది. కానీ నేను మాత్రం గరాజ్ గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేకపోయాను.

"అమ్మా, నువ్వెందుకు అక్కడే నిలబడతావు?" అన్నాడొకరోజు, చేతిలో బ్రష్షుతో.

సీసాలు ఉన్నన్నాళ్ళూ నాకు లెక్క తెలిసేది. సింకు పక్కన ఖాళీ సీసాలెన్ని, ఫ్రిజ్‌లో ఎన్ని మిగిలాయి అన్నది అడక్కుండానే కంటికి కనబడేది. కుళాయికి లెక్క లేదు. సగం గ్లాసు, ఇంకో సగం, ఎవరో వస్తే ఇంకొకటి. స్టీలు డబ్బా లోపలికి కనబడదు. ఖాళీ అయిన రోజు గానీ అయిపోయిందని తెలీదు.

ఇదంతా వాడికి అర్థం కావాలంటే మా నాన్న గురించి చెప్పాలి. వాడికి తాతయ్య అంటే గోడ మీద దండేసిన ఫోటో, అంతే. జబ్బుచేసి పోయారని చెప్పాం. ఏ జబ్బో చెప్పలేదు. ఆ రోజు అక్కడే, రంగు డబ్బా పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెప్పాను.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా నాన్న సారా తాగేవాడు. ఇంట్లో ఎప్పుడూ తాగలేదు. ఇంట్లో తాగనివాడు తాగుబోతు కాదని ఆయన లెక్క. ఖాళీ ప్యాకెట్లు వామి వెనక పడేసేవాడు. అమ్మ పొద్దున్నే పేడ తియ్యడానికి వెళ్ళినప్పుడు అవి ఏరి, ప్యాకెట్‌కో చింతగింజ చొప్పున ఒక పిడతలో వేసేది. అమ్మకి అప్పటికి చదువు రాదు. నెలాఖరుకి గింజలు నేలమీద పోసి, కూలి డబ్బుల్లో ఎంత పోయిందో వేళ్ళమీద లెక్క కట్టేది. తర్వాత మా ఊళ్ళో రాత్రిబడి పెట్టారు. అమ్మ అంకెలు నేర్చుకుంది. అప్పటినించీ గింజలు మానేసి బొగ్గుతో గోడమీద రాసేది. నాన్నకి అన్నం పెట్టే చోట, ఆయన కళ్ళకి ఎదురుగా.

మా జిల్లాలో దూబగుంట అని ఒక ఊరుంది. అక్కడ రోసమ్మ, మిగతా ఆడవాళ్ళు కలిసి సారా మాకొద్దని లేచారు. అది ఊరూరా పాకింది. 1992లో నాకు పదేళ్ళు. మా అమ్మ ఊరి ఆడవాళ్ళతో కలిసి చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చోవడం నేను చూశాను. సారా పాటలు జరగనివ్వలేదు వాళ్ళు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఈలోగా మా నాన్న ఆగింది లేదు. దొరికిందేదో తాగాడు. నేను ఇంటర్ చదువుతుండగా కాలేయం పాడై పోయాడు.

మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు. పెళ్ళిచూపుల రోజే చెప్పాను."

"మరి నాన్నెందుకు చేస్తున్నారు?"

ఆ ప్రశ్న నన్నడగాల్సింది కాదు కాబట్టి ఆయన్నే అడగమన్నాను. రాత్రి భోజనాల దగ్గర అడిగాడు. ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

"నాకు కాయడం ఇష్టంరా. తాగడం కన్నా అదే ఎక్కువ ఇష్టం" అన్నారు.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. అయినా నాకు లెక్క కావాలి" అన్నాను.

"అంటే నామీద నమ్మకం లేదనేగా?"

"నెల జీతం, కరెంటు బిల్లు అన్నీ మీరు ఎక్సెల్లో రాస్తారు కదండీ. అందులో నమ్మకం మాటొచ్చిందా ఎప్పుడైనా? ఇదీ రాయండి."

ఆయనకి కోపమొచ్చింది. రెండు రోజులు గరాజ్‌లోకే వెళ్ళలేదు. మూడోరోజు సాయంత్రం వచ్చి, "డబ్బాలో ఎంతుందో ఎలా తెలుస్తుంది, చెప్పు?" అన్నారు. వాదించడానికి కాదు, నిజంగానే అడిగారు.

ఇండియా ప్రయాణమంటే పెట్టెలు తూచే కొక్కెం కాటా ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది కదా. అది తెచ్చి చేతిలో పెట్టాను. కెగ్‌కి పైన పట్టుకోడానికి పిడులుంటాయి. కొక్కెం తగిలించి, అడుగునుంచి అంగుళం లేపితే చాలు. ఖాళీ కెగ్ 4 కిలోలు. నిండా పోస్తే కాస్త అటూ ఇటూగా 23. సరిగ్గా విమానంలో ఒక పెట్టెకి ఇచ్చే బరువు! ఆ అంకె చూసి ముగ్గురం నవ్వాం.

ఇక్కడ 12 ఔన్సుల గ్లాసుని ఒక డ్రింక్ కింద లెక్కేస్తారు, బీరు 5 శాతం బలమైతే. అది దాదాపు 360 గ్రాములు తూగుతుంది. ఒక కెగ్‌కి 53 గ్లాసులు. ఆదివారం సాయంత్రం ఆయన ఎత్తుతారు, నేను అంకె చదువుతాను, అబ్బాయి మూతకి అంటించిన కాగితం మీద రాస్తాడు. తేదీ, బరువు, తగ్గింది, గ్లాసులు. మొదటివారం రెండున్నర కిలోలు తగ్గింది. ఏడు గ్లాసులు. ఆయన కాగితం చూసి, "నేను నాలుగనుకున్నానే" అన్నారు. ఆ మాట ఆయన నోటినుంచి రావడమే నాకు కావాల్సింది.

బీరు కుళాయికి తాళం వేస్తాం. తాళంచెవి ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి. రెండో కుళాయిలో అబ్బాయి కోసం సోడా. గోలీసోడాలో ఉండే గ్యాసే కాబట్టి ఆ సిలిండరే దానికీ సరిపోతుంది. నిమ్మకాయ పిండి ఉప్పేసుకుంటే నేనూ తాగుతాను. మూడోది ఎక్కువగా ఖాళీనే. రెండు వారాలకోసారి గొట్టాలు మందు కలిపిన నీళ్ళతో కడగాలి, లేదంటే లోపల పాచి పడుతుంది. ఆ పని మాత్రం నా సింకులో చేయనివ్వను.

ఈ ఏప్రిల్లో అమ్మ వస్తోందని తెలిసినప్పుడు మా ఆయన, "ఆర్నెల్లు దాని మీద దుప్పటి కప్పేద్దాంలే" అన్నారు. ఆవిడ నొచ్చుకుంటుందని ఆయన భయం. నేను వద్దన్నాను. మా నాన్న వామి వెనక దాచింది చాలు. అమ్మ వచ్చిన రెండోరోజే గరాజ్‌లోకి తీసుకెళ్ళి మూతెత్తి అన్నీ చూపించాను. ఆయన కాస్త ఎడంగా, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డారు.

అమ్మ కుళాయిల్ని పట్టించుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని కాగితం దగ్గరకెళ్ళింది. వేలు పెట్టి ఒక్కో అంకే కిందకి చదువుతూ ఒకచోట ఆగింది.

"ఈ వారం పద్దెనిమిది రాసుందేందమ్మా?"

"ఆ శనివారం ఫ్రెండ్సొచ్చారు అత్తయ్యా" అన్నారాయన వెంటనే.

"ఎంతమందొచ్చినారు?"

"ఆరుగురు."

అమ్మ పెదాలు కదిలాయి. "అంటే తలా మూడు. ఆ వారం మీరు తాగనే లేదా అల్లుడుగారూ?"

ఆయన తల గోక్కున్నారు. "నాతో కలిపి ఏడుగురం అత్తయ్యా."

"సరే. కార్లెవరు తోలినారు?"

దానికి మా దగ్గర రాసిన లెక్కేం లేదు. అబ్బాయి పెన్ను తీసి కాగితం మీద ఇంకో రెండు గళ్ళు గీశాడు. ఎంతమంది అని ఒకదాని మీద, కారు ఎవరు అని రెండోదాని మీద రాశాడు. అమ్మ వంగి చూసి, "అచ్చరాలు కాస్త పెద్దగా రాయి నాయనా, నాకు ఆనడంలా" అంది.